దుప్పటి కప్పుకున్న ఆంప్

మార్చి 3, ఆదివారం

ఆంప్ పూర్తయింది. ట్యూబులు వెలిగాయి. ఇల్లు తగలబడలేదు.

ఆ మూడో వాక్యం మా ఆవిడది. గుమ్మంలో నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా మెడ మాత్రం సాచి చూసి, ఆ ఒక్క ముక్కా అని వెళ్ళిపోయింది. నా వెనకగది మీద ఆవిడకి అంత భరోసా.

ఈ పుస్తకం కూడా ఆవిడ చలవే. రోజంతా చెవికి ఫోను తగిలించుకుని జనం ఫిర్యాదులు వినడం ఆవిడ ఉద్యోగం. "పగలంతా ఊళ్ళోవాళ్ళ గోడు వింటాను, ఇంటికొస్తే మీ ట్యూబుల పురాణం. ఓ పుస్తకం కొనుక్కుని దానికి చెప్పుకోండి, అదైతే మధ్యలో లేచి వెళ్ళిపోదు" అంది. కొనుక్కున్నాను. ఎవరూ చదవరు కాబట్టి కాస్త గొప్పలు కూడా చెప్పుకోవచ్చు.

గిటార్ నేను చేసిందే, ఆంప్ నేను చేసిందే. కింది స్వరాలు పలికే నాలుగు తీగల బేస్ గిటార్. దాని ఒళ్ళు మా అత్తగారి భోజనాల బల్ల. ఆవిడ ఇల్లు మారినప్పుడు ఆ బల్ల ఎవరికీ వద్దన్నారు. నేను పైపలక మీద వేలితో తట్టి చూసి, నోరు మూసుకుని మోసుకొచ్చేశాను. మెడ చెక్కడానికి చలికాలమంతా పట్టింది. కళ్ళద్దాల దుకాణంలో రోజూ అద్దాలు అరగదీసే చెయ్యి నాది. వెంట్రుకవాసి ఎత్తుపల్లం ఉన్నా బొటనవేలు చెప్పేస్తుంది. ఆ మెడ మీద చెయ్యి జారిస్తే ఈ చివర మొదలై ఆ చివర ఆగుతుంది, మధ్యలో అడ్డే లేదు.

ఆంప్ సంగతి వేరే చెప్పాలి. తీగ కదిలితే పుట్టే పిసరంత కరెంటును హాలంతా వినిపించేలా పెంచే పెట్టె అది. ఇప్పుడు బజార్లో దొరికేవన్నీ చిప్పులతో నడుస్తాయి. నాది గాజు ట్యూబులతో నడుస్తుంది. వేడెక్కాక లోపల నారింజరంగు వెలుగు వస్తుంది. ప్రాణం తీసేంత కరెంటు ఉంటుంది కనక మూత తీసి పని చేసేటప్పుడు ఎడమచెయ్యి వెనకజేబులో పెట్టుకుంటాను. ఒక చెయ్యి తగిలితే పాఠం, రెండూ తగిలితే ముగింపు.

లోటు ఒక్కటే. కింది స్వరాలు నేలలోంచి లేచినట్టు వస్తున్నాయి గానీ, పైన ఏదో కప్పేసినట్టుంది. తీగను మీటగానే గోరు తగిలిన 'టిక్' వినబడాలి. అది లేదు. ఎవరో ఆంప్ మీద దుప్పటి కప్పారు. నా అనుమానం ట్రాన్స్‌ఫార్మర్ మీద. ఇట్టే తేల్చేస్తాను.

మార్చి 5

ట్రాన్స్‌ఫార్మర్ కాదు. కెపాసిటర్.

మార్చి 8, శుక్రవారం

పై స్వరాలను ముందుకు తోసే చిన్న కెపాసిటర్ ఒకటి అదనంగా వేశాను. తేడా తెలుస్తోంది. తెలుస్తోందనే అనుకుంటున్నాను. ఒకటి సరిపోతుందా అని ఇంకోటి కూడా వేశాను.

మార్చి 10, ఆదివారం

సాధన. టీచరమ్మ వాళ్ళ బడిలో పాత సామాన్ల గది మాది. ఆవిడ లెక్కల టీచరు. గది తాళం ఆవిడ దగ్గర ఉండటం వల్లే మా బృందం ఇన్నేళ్ళు బతికింది. పాడేది, కీబోర్డు వాయించేది ఆవిడే. డ్రమ్స్ మా బావమరిది. వాణ్ణి చిన్నప్పటినుంచీ పిడుగు అంటారు. టైర్ల దుకాణంలో పగలు ఇనపకడ్డీతో టైర్లు బాదుతాడు, ఆదివారం వచ్చి మా మీద పడతాడు.

గిటార్ చూడగానే వాడు గుర్తుపట్టేశాడు. "బావా, ఇది మా భోజనాల బల్ల కదూ? దీని మీద నేను ఎక్కాలు రాయలేక ఏడ్చాను. ఇప్పుడు నువ్వు దీన్ని ఏడిపిస్తున్నావా?" అన్నాడు.

ఏప్రిల్ నెలాఖరుకి గ్రంథాలయంలో కొత్త హాలు తెరుస్తున్నారట. పాటలకి మమ్మల్ని అడిగారు. మామూలుగా మేం వాయించేది జనం మాట్లాడుకుంటూ ఉండగా ఏ మూలనో. ఇక్కడ జనం కుర్చీల్లో కూర్చుని మా వైపే చూస్తారు. నా చేత్తో చేసిన గిటార్, నా చేత్తో చేసిన ఆంప్, మొదటిసారి పదిమందిలోకి వెళ్ళేది అక్కడికే. ఈ మాట రాస్తుంటేనే కడుపులో హాయిగా ఉంది.

వాయించి చూపించాను. పిడుగు మొహం చిట్లించి, "బావా, మోత బాగుంది గానీ సుయ్యిమని పొడుస్తోంది" అన్నాడు.

పొడుస్తోందట! దుప్పటి కిందనుంచి! ఏళ్ళ తరబడి చెవి పక్కనే ఇత్తడి తాళాలు బాదుకునేవాడికి ఏం వినబడుతుంది? పాపం, వాడి చెవులు దెబ్బతిన్నాయి. మా ఆవిడతో చెప్పి ఓసారి డాక్టరుకి చూపించమనాలి.

ఇంకోటి. మూడో పాట మధ్యలో వాళ్ళిద్దరూ చెప్పాపెట్టకుండా ఆపేశారు. నేనొక్కణ్ణే వాయిస్తూ ఉండిపోయాను. "ఆపుదాం అన్నాను కదండీ" అంది టీచరమ్మ. మైకు వైపు తిరిగి, లోపల్లోపల గొణిగితే ఎవరికి తెలుస్తుంది?

మార్చి 13

మా ఆవిడ సబ్బు తెమ్మంది. నాకు డబ్బు అని వినబడింది. బ్యాంకు మిషను దాకా నడిచి, డబ్బు తీసి, తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ ఆ నోట్లకేసి, నాకేసి చూసి, "వీటితో నురగ రాదండీ" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నేను కాస్త ఎక్కువసేపు నవ్వాను.

ఈ మధ్య ఆవిడ మాట నలుగుతోంది. రోజంతా మాట్లాడే ఉద్యోగం, గొంతు అరిగిపోతుంది మరి.

మార్చి 16, శనివారం

కొత్త తీగలు వేశాను. స్పీకర్ పక్కన సన్నటి శబ్దాల కోసం చిన్న హారన్ కూడా బిగించాను. ఇంత చేశాక దుప్పటి పూర్తిగా పోయి ఉండాలి. కాస్త ఒక మూల లేచింది, అంతే. రేపు బడి గదిలో వాయిస్తే తెలుస్తుంది. అసలు మా వెనకగది గోడలే శబ్దాన్ని మింగేస్తున్నాయని నా నమ్మకం.

మార్చి 17, ఆదివారం

గొడవ.

ఉన్నదున్నట్టు రాసుకుంటాను, తప్పు ఎవరిదో అప్పుడే తెలుస్తుంది.

మొదటి పాట సగంలో ఉండగానే టీచరమ్మ పాడటం ఆపి రెండు చెవులూ మూసుకుంది.

"అన్నయ్యగారూ, దయచేసి తగ్గించండి. పాట మాటలు మర్చిపోతున్నాను."

"తగ్గిస్తే దుప్పటి కప్పినట్టుంటుందమ్మా."

"ఏ దుప్పటండీ? చెవుల్లో సూదులు గుచ్చుతుంటే!"

పిడుగు కర్రలు ఒళ్ళో పెట్టుకుని, "బావా, ఈ ఒక్క నెలా నీ పాత ఆంప్ తెచ్చుకోరాదూ? కొనుక్కున్నది, ఆ నల్లది" అన్నాడు.

కొనుక్కున్నదట. చలికాలమంతా నేను సోల్డరింగు పొగ పీల్చింది కొనుక్కున్నది తెచ్చుకోవడానికా?

అప్పుడు అన్నాను. "టీచరమ్మా, పదును ఎక్కువైంది నా ఆంప్‌లో కాదు. మీ గొంతులో తగ్గింది. అందుకే నాది గుచ్చుకుంటోంది."

ఆవిడ కాగితాలు సర్దుకుంది. సంచీ భుజాన వేసుకుంది. నా ఎదురుగా వచ్చి నిలబడి చెప్పింది.

"గ్రంథాలయం రోజున బేస్ భాగం నేనే కీబోర్డు మీద ఎడమచేత్తో వాయించుకుంటాను. మీరు శ్రమపడకండి."

మొహం మీదే చెప్పింది కనక ప్రతి అక్షరమూ వినబడింది.

మార్చి 18

నేనన్నదాంట్లో అబద్ధమేం లేదు. ఆవిడ గొంతులో పదును నిజంగానే తగ్గింది. ఆవిడ పాటలో 'స'లు, 'చ'లు ఈమధ్య నాకు అసలు తెలియడం లేదు.

మార్చి 19

లేదు, నేనన్నది నిజమే.

మార్చి 24, ఆదివారం

సాధన లేదు కాబట్టి చేతినిండా తీరిక. వెనకగది సర్దాను. స్క్రూలన్నీ కొలతల వారీగా సీసాల్లో వేశాను. మనశ్శాంతిగా ఉంది. బృందం లేకపోతే ఎంత పని చేసుకోవచ్చో!

సాయంత్రం పిడుగు వచ్చాడు. వాడూ మా ఆవిడా వంటింట్లో నిలబడి గుసగుసలు. నేను వెళ్ళగానే ఆపేశారు. అక్కాతమ్ముళ్ళు ఇంత మెల్లగా మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళింట్లో మామూలు మాటలు కూడా వీధి చివరికి వినబడేవి.

"ఏంటి రహస్యం?" అన్నాను.

మా ఆవిడ గట్టిగా, ఒక్కో మాటా విడగొట్టి, "ఏం లేదండీ. పంచదార ఎక్కడుందని అడుగుతున్నాడు" అంది. అరుస్తున్నట్టుగా అంది. ఇంటికొచ్చినా ఆఫీసు గొంతు పోవడం లేదు ఆవిడకి.

మార్చి 28, గురువారం

ఇవాళ దుకాణానికి ఒక పెద్దాయన వచ్చాడు. చంకలో మడతపెట్టిన వార్తాపత్రిక. కళ్ళజోడు కోసం రాలేదట. కోడలు తోస్తే వచ్చాడట.

"నా కళ్ళకేం దోషం లేదండీ. ఈ పేపరువాళ్ళే సిరా తగ్గించేశారు. ఉత్తరం కూడా రాశాను వాళ్ళకి" అన్నాడు. ఎంత నమ్మకంగా అన్నాడంటే, నేను కూడా ఆ పత్రిక తీసుకుని ఓసారి వెలుగులో పెట్టి చూశాను. సిరా బాగానే ఉంది.

ఇలాంటివాళ్ళు మాకు మామూలే. పరీక్ష చేసి, అద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగించి ఆయన ముక్కు మీద పెట్టాను. పత్రిక విప్పి చేతికిచ్చాను. ఆయన చదవలేదు. అక్షరాల మీద వేలు మాత్రం కదిలించాడు, అటునుంచి ఇటు. చాలాసేపటికి, "అయితే సిరా అంతే ఉందన్నమాట" అన్నాడు. పత్రిక జాగ్రత్తగా మడిచి, "కోడలికి చెప్పకండి, నేనే చెప్పుకుంటాను" అని వెళ్ళిపోయాడు.

మామూలుగా అయితే ఇంటికి రాగానే ఇది మా ఆవిడకి చెప్పి నవ్వించేవాణ్ణి.

చెప్పలేదు.

మార్చి 29

ఈరోజు ఆంప్ వెయ్యలేదు.

మార్చి 31, ఆదివారం

మధ్యాహ్నం మా ఆవిణ్ణి వెనకగదిలోకి పిలిచాను. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

నా దగ్గర ఒక పెట్టె ఉంది. మరలు తిప్పితే బొంగురు మోత దగ్గర్నుంచి సన్నటి కూత దాకా ఏ శబ్దం కావాలంటే అది పుడుతుంది. ఆంప్‌లు పరీక్షించుకోవడానికి కొన్నాను. దాని పక్కన ఆకుపచ్చ తెర. శబ్దం ఉంటే తెర మీద అల కనబడుతుంది.

"వినబడుతున్నంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచు. వినబడకపోతే దించెయ్" అన్నాను.

"బహుమతి ఏమన్నా ఉందా?"

"చూద్దాంలే."

కింది నుంచి మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి ఎత్తింది. బల్ల మీద స్క్రూల సీసాలు గలగలమన్నాయి. మెల్లగా పైకి తిప్పుతూ వచ్చాను. తెర మీద అలలు దగ్గరపడుతున్నాయి. శబ్దం సన్నబడి, ఇంకా సన్నబడి, ఆగిపోయింది.

పెట్టె చెడిపోయిందనుకున్నాను. నిజంగా మొదట వచ్చిన ఆలోచన అదే. తెర చూశాను. అలలు దువ్వెన పళ్ళలా నిండుగా ఉన్నాయి. తలెత్తి చూస్తే ఆవిడ చెయ్యి పైనే ఉంది.

ఇంకొంచెం తిప్పాను. ఆవిడ చెయ్యి పైనే ఉంది. ఇంకా తిప్పాను. గదిలో నాకు గోడగడియారం కూడా వినబడటం లేదు. అది ఎప్పుడు ఆగిందో అని దానికేసి చూస్తే ముల్లు కదులుతోంది. ఆవిడ చెయ్యి మాత్రం దింపలేదు. బడిపిల్లలా నిటారుగా ఎత్తి పట్టుకుని కూర్చుంది. చివరికి రెండో చెయ్యి బుగ్గకి ఆనించుకుని, "అబ్బా, ఇక ఆపండి, పళ్ళు జివ్వుమంటున్నాయి" అంది.

పెట్టె ఆపాను.

"మీకూ అంతేగా?" అంది.

"ఆఁ, అంతే" అన్నాను.

ఏప్రిల్ 1

నిన్నటిదానికి కలుపుతున్నాను. ఆవిడ లేచి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. వెనక్కి వచ్చి, నా మొహానికి ఎదురుగా వంగి, "అంతేనా?" అని మళ్ళీ అడిగింది.

"కాదు" అన్నాను. "సగం నుంచీ నాకేమీ లేదు."

ఆవిడ ఇంకో కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు. కిందటేడు నుంచీ నేను మాట్లాడుతుంటే మీరు నా మొహమే చూస్తున్నారు. మొదట్లో ప్రేమ అనుకున్నాను. ఇన్నేళ్ళకి మళ్ళీ ఏంటా అని మురిసిపోయాను కూడా. తర్వాత చూస్తే, వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు."

"చెప్పొచ్చు కదా."

"ఎలా చెప్పమంటారు? నాలుగుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ ట్రాన్స్‌ఫార్మర్ అన్నారు."

"ప్రేమ కూడా కొంత ఉంది" అన్నాను.

"ఉంటే ఆస్పత్రికి పదండి" అంది.

ఏప్రిల్ 4, గురువారం

వినికిడి పరీక్ష. అద్దాల గది, చెవులకి డిప్పలు. బయట కూర్చున్న అమ్మాయి చిన్నదే గానీ మాట ఖరాఖండీ.

కాగితం మీద గీత చూపించింది. ఎడమవైపు గట్టు మీద నడిచినట్టు తిన్నగా వచ్చి, మధ్యలో బావిలోకి దూకినట్టు పడిపోయింది. "కింది శబ్దాలు చాలా బాగున్నాయండీ. పైవి పోయాయి. మాటల్లో 'స', 'చ', 'త' ఇవన్నీ అక్కడే ఉంటాయి. ఏం పని చేస్తారు?"

"అద్దాలు అరగదీస్తాను. మిషను కాస్త కూస్తుంది."

"ఇంకా?"

"బేస్ గిటార్. ఆంప్‌లు."

"రెండింట్లో ఏది తినేసిందో చెప్పలేను" అంది. పోయినవి తిరిగి రావనీ, చెవి మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయనీ, ఉన్నవి కాపాడుకోవాలనీ చెప్పింది.

చెవి మిషను అంటే ముసలివాళ్ళది కదా అన్నాను దారిలో. మా ఆవిడ నడిరోడ్డు మీద ఆగిపోయింది. "దుకాణంలో రోజూ ఎంతమందికి చెబుతారు, కళ్ళజోడు పెట్టుకుంటే నామోషీ ఏముందని? ఆ మాటలన్నీ ఒట్టి బేరం కోసమేనా?"

చేతిలో ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

కింది శబ్దాలు చాలా బాగున్నాయట. ఆ అమ్మాయి 'చాలా' అంది. మా ఆవిణ్ణి అడిగి రూఢి చేసుకున్నాను.

ఏప్రిల్ 11

మిషన్లు వచ్చాయి. చిక్కుడుగింజంత ఉన్నాయి, చెవుల వెనక.

కాగితం ఇంత చప్పుడు చేస్తుందని మర్చిపోయాను. ఈ పెన్ను గీరుతోంది. నా చెప్పులు కీచుమంటున్నాయి. ఎన్నాళ్ళ నుంచి కీచుమంటున్నాయో, దుకాణంలో ఒక్కడూ చెప్పలేదు. మా ఆవిడ మామూలు గొంతుతో మాట్లాడింది. ఎంత మెత్తటి గొంతు! నలుగుతోందనీ, అరిగిపోతోందనీ ఈ పుస్తకంలోనే ఎక్కడో రాశాను.

ఏప్రిల్ 12, శుక్రవారం

మిషన్లు పెట్టుకుని ఆంప్ వేశాను.

ఒక్క తీగ మీటి, చెయ్యి అడ్డం పెట్టేశాను. రేకు మీద మేకుతో గీసినట్టుంది. నేను బిగించిన కెపాసిటర్లు, ఆ హారన్, అన్నీ కలిసి నా మీదికే వచ్చాయి. ఇది భరించి కూడా టీచరమ్మ 'దయచేసి' అంది.

అదనంగా వేసినవన్నీ పీకేశాను. హారన్ ఊడదీశాను. ఆంప్ మార్చి మొదట్లో ఎలా ఉందో అలా తయారైంది.

కానీ ఇంకో చిక్కు. మిషన్లు ఉంటే గిటార్ రేకుడబ్బాలా వినబడుతోంది. మాటల కోసం చేసిన మిషన్లు అవి, పాటకి పనికిరావు. తీసేస్తే నా గిటార్ నాకు నిండుగా, ఒళ్ళంతా వినబడుతోంది, పైభాగం తప్ప. అంటే ట్రెబుల్, అదే ఆ పై శబ్దాల పాలు, ఎంత ఉండాలో ఇక నేను తేల్చలేను. పెట్టుకునీ తేల్చలేను, తీసీ తేల్చలేను.

ఆలోచించాలి. దారి లేకపోదు.

ఏప్రిల్ 13, శనివారం

టైర్ల దుకాణానికి వెళ్ళాను. పిడుగు లారీ చక్రం కింద సగం దూరి ఉన్నాడు. నా చెవుల వెనకవి చూసి బయటికి పాకాడు.

"ఒరేయ్, నీ చెవులు పోయాయనుకున్నానురా" అన్నాను.

"నాకు తెలుసు బావా. అక్కతో చెప్పావుగా, నన్ను డాక్టరుకి చూపించమని. వెళ్ళొచ్చాను కూడా."

"వెళ్ళావా?"

"నువ్వంత ధీమాగా అంటే నాకే అనుమానం వచ్చింది. బాగున్నాయట."

ఇద్దరం టైర్ల మీద కూలబడి నవ్వాం. వాడి నవ్వు చివర సన్నగా ఈల ఉంటుంది. అది చాలా ఏళ్ళ తర్వాత విన్నాను.

"టీచరమ్మ ఒప్పుకుంటుందంటావా?" అని అడిగాను.

"ఎడమచేత్తో బేస్ వాయిస్తూ పాడలేక సగం సగం చస్తోంది. కానీ ఆ గొంతు మాట అన్నావు చూడు బావా... అది నువ్వే చూసుకోవాలి" అన్నాడు, కడ్డీ అందుకుంటూ.

ఏప్రిల్ 14, ఆదివారం

బడికి వెళ్ళాను. టీచరమ్మ ఒక్కతే ఉంది, కీబోర్డు ముందు. నేను నోరు తెరిచేలోపే నా చెవులు చూసింది. పిడుగు చెప్పే ఉంటాడు.

"మీ గొంతులో పదును తగ్గలేదమ్మా. నా చెవుల్లో తగ్గింది. అయినా చెవులు సరిగ్గా ఉన్నవాడు కూడా ఆ మాట అనకూడదు" అన్నాను.

ఆవిడ ఒక మీట నొక్కి వదిలింది.

"ఆ రోజు ఇంటికెళ్ళి టేపులో నా పాట పెట్టుకుని విన్నానండీ. మళ్ళీమళ్ళీ విన్నాను. ఇన్నేళ్ళుగా పాడుతున్నాను, ఒక్క మాటకి నమ్మకం పోయింది. నాలుగు రోజులు పాటకి నోరు తెరవలేదు."

ఇది నేను ఊహించలేదు. నిలబడి విన్నాను. కాసేపు దులిపేసింది, ఒక్క ముక్కా పోకుండా వినబడింది. మిషన్లు మంచివి.

అంతా అయ్యాక, వాయించేటప్పుడు ఈ మిషన్లు పనికిరావని చెప్పాను. ఆవిడ చేతులు కట్టుకుని, లెక్క అడిగినట్టు అడిగింది. "సరే. ట్రెబుల్ మీకు తెలియదు. నేను 'ఆపండి' అంటే వినబడదు. ఈ రెండింటికీ జవాబు చెప్పండి, అప్పుడు మాట్లాడదాం."

"రెండోదానికి, మీరు నాకు కనబడేలా నిలబడి చెయ్యి దించండి. మొదటిదానికి ఒక ఆలోచన ఉంది. వచ్చే ఆదివారం చూపిస్తాను."

ఆలోచన అప్పటికి లేదు. ఇంటికి నడుస్తుండగా వచ్చింది.

ఏప్రిల్ 17

ఆంప్ ముందుభాగం నుంచి ట్రెబుల్ నాబ్ పీకేశాను. దాన్ని ఒక చిన్న చెక్కపెట్టెలో బిగించి, పొడుగాటి తీగ కలిపాను. పెట్టె డ్రమ్స్ పక్కన, పిడుగు చేతికి అందేట్టు ఉంటుంది. నా ఆంప్, వాడి చెవి.

మామూలు తీగ వేస్తే బుయ్యిమని మూలిగింది. మూలుగు కింది శబ్దం కాబట్టి మా ఆవిడ కన్నా ముందు నేనే పట్టుకున్నాను. లోహపు తొడుగున్న తీగ వేశాక నోరు మూసుకుంది. ఆంప్ ముందు నాబ్ పోయినచోట కన్నం మిగిలింది. మూయడానికి ఏదైనా బిళ్ళ బిగిద్దామనుకుని, వద్దులే అని వదిలేశాను.

ఏప్రిల్ 21, ఆదివారం

పెట్టె చూసి పిడుగు, "అంటే బావా, ఇక నీ జుట్టు నా చేతిలో ఉన్నట్టేనా?" అన్నాడు. నాబ్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి ఆడుకున్నాడు. నాకేం తేడా తెలియలేదు. టీచరమ్మ మొహం ముడుచుకోవడం, విప్పారడం చూసి తెలుసుకున్నాను.

మిషన్లు తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. వాయించాం. ఆవిడ చెయ్యి దించింది, ముగ్గురం ఒకేసారి ఆగాం. ఆ నిశ్శబ్దం నాకు పూర్తిగా వినబడింది.

"అన్నయ్యగారు పాసయ్యారు" అంది టీచరమ్మ.

ఏప్రిల్ 28, ఆదివారం, పొద్దున్న

నిన్న సాయంత్రం గ్రంథాలయం. మొత్తం రాసుకోవాలి.

కొత్త హాలు, కొత్త రంగు వాసన, నేల అంతా చెక్క పలకలు. అది చూడగానే నాకు ధైర్యం వచ్చింది. చెక్క నేల బేస్‌కి చుట్టం. ముందువరసలో మా ఆవిడ, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, తనే వాయించబోతున్నంత బిగుసుకుని కూర్చుంది. వేదిక వెనక పిడుగుతో, "పెట్టె జాగ్రత్త. ప్రస్తుతం నాబ్ మధ్యలో పెట్టాను. ఈ హాలుకి తగ్గట్టు చూసి తిప్పుకో" అన్నాను. "నాకొదిలెయ్ బావా" అన్నాడు.

మొదటి రెండు పాటలూ నల్లేరు మీద బండి. మూడోది నిదానంగా సాగేది, దాంతోనే ముగింపు. అందులో టీచరమ్మ ఎక్కడికో వెళ్ళిపోయింది. అనుకున్నచోట ఆపలేదు. కళ్ళు మూసుకుని జనం వైపు పూర్తిగా తిరిగిపోయింది. చెయ్యి నాకు కనబడటం లేదు. పాట ఎక్కడుందో తెలియదు, ఎంతసేపు ఉంటుందో తెలియదు. వెనక్కి తిరిగి పిడుగు మొహం చూసే వీలు లేదు.

భయపడ్డానా? ఒక్క క్షణం. తర్వాత పాదాలు చెప్పాయి. వాడి పెద్ద డ్రమ్ము దెబ్బ చెక్కల్లోంచి వచ్చి నా మడమలకి తగులుతోంది, తలుపు తట్టినట్టు. కింది తీగ మీద ఒకే స్వరం పట్టుకుని దాని మీదే నిలబడ్డాను. ఆవిడ పైన ఎంత తిరిగినా కింద నేలలా ఉంటే చాలు కదా. మడమల కింద దెబ్బలు పల్చబడ్డాయి. ఒకటి. చాలాసేపటికి ఇంకోటి. తర్వాత రాలేదు. అరచెయ్యి తీగల మీద వేశాను.

టీచరమ్మ అప్పుడే తల వంచింది. ముగ్గురం కలిసే ఆగాం. చప్పట్లకి మా ఆవిడ చేతులు అందరికన్నా ముందు లేచాయి.

అయిపోయాక జనం చుట్టూ చేరారు. మిషన్లు పెట్టుకున్నాను. టీచరమ్మ నీళ్ళు తాగుతూ, "చెయ్యి దించడం మర్చిపోయానండీ. మీరెలా ఆగారు?" అంది. "మీ గొంతు వినబడిందిలెండి" అన్నాను. నమ్మలేదు గానీ సంతోషించింది.

ఒకాయన ఆంప్ ముందు వంగి, ట్యూబులకేసి ముచ్చటగా చూస్తూ నిలబడ్డాడు. తనకీ ఈ పిచ్చి ఉందట. "బేస్ ఇంత తీయగా, ఇంత కొలతగా వినడం ఇదే మొదలండీ. ఈ టోన్ ఎవరు కుదిర్చారు?" అన్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్నుంచి మొదలుపెడదామని నేను ఊపిరి పీల్చుకునేలోపే, "నేనే" అన్నాడు పిడుగు, చెక్కపెట్టె చేత్తో ఎత్తి చూపిస్తూ.

కెపాసిటర్‌కీ కందిగింజకీ తేడా తెలియదు వాడికి. ఆయన మావాడి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నేను, "అవునండీ, మా బావమరిదే" అన్నాను. అనడానికి కష్టమనిపించలేదు.

సామాన్లు బండికెత్తుతుండగా వాణ్ణి అడిగాను. "ఇంతకీ ఎంత తిప్పావురా? రాసి పెట్టుకుంటాను."

వాడు చుట్టూ చూసి, చెవి దగ్గరికి వచ్చాడు.

"తిట్టకు బావా. మొదటి పాట హడావుడిలో దాని సంగతే మర్చిపోయాను. నువ్వు పెట్టినచోటే ఉంది."

మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. పిడుగు కూడా చెప్పడు, వాడికి దక్కిన మెప్పు పోతుంది. అందుకని ఇక్కడ ఒక్కసారి, నాకోసం రాసుకుంటున్నాను. ఆంప్ బాగుంది. మొదటి రోజు నుంచీ బాగానే ఉంది.